మూకుట్లో నూనె, ప్యాకెట్లో నూనె

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో పిండివంటల యూనిట్ బాధ్యురాలు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు అలాగే ఉంచి, అక్కడక్కడ మాత్రం సరిచేసి వేస్తున్నాం.)



ఇందాక ఆడిట్ లెక్కలు చదువుతున్నప్పుడు కొందరు కునుకు తీశారు, నేను చూశాను. నాది తిండి గొడవ కాబట్టి నిద్ర రాదనుకుంటాను. ఇందులోనూ కొన్ని అంకెలున్నాయి. నెలనెలా వడ్డీ లెక్క కట్టుకునేవాళ్ళం, ఈ అంకెలకి భయపడం.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను. మా ఇంటాయన రాజాం–పాలకొండ రోడ్డు మీద ఆటో నడుపుతారు. మూడేళ్ళ కిందట, సంక్రాంతి వెళ్ళిన వారానికి, మధ్యాహ్నం పూట ఆటో పక్కకి ఆపీసి నాకు ఫోన్ చేశారు. "గుండెల మీద ఎవులో కూకున్నట్టుందే" అన్నారు. అప్పటికి ఆయనకి నలభై ఏడేళ్ళు. విశాఖపట్నం తీసుకెళ్తే ఒక స్టెంట్ వేశారు. ఇప్పుడు బాగున్నారు. ఈ రోజు నన్ను ఇక్కడ దింపింది ఆయనే.

డిశ్చార్జి చేసిన రోజు డాక్టర్ గారు నన్ను పిలిచి, "ఇంట్లో ఏ నూనె వాడతారమ్మా, ఎంత వాడతారు?" అని అడిగారు. నేను కొంచెం గర్వంగానే చెప్పాను. "మాది గోరంత నూనె బాబూ. నలుగురికి నెలకి రెండు కేజీలు దాటదు. వేపుడు పండక్కే. డాల్డా అయితే మా ఇంటి గుమ్మం తొక్కదు" అన్నాను. ఆయన రాసుకొని, మా ఆయన వైపు తిరిగి, "మరి బయట ఏం తింటారు?" అన్నారు.

అప్పుడు బయటపడింది. పొద్దున్న స్టాండులో టీ, దాంతో నాలుగు బిస్కట్లు. పదకొండింటికి ఆకలేస్తే బేకరీలో ఒక కర్రీ పఫ్. సాయంత్రం బేరాల మధ్య పది రూపాయల మిక్చర్ ప్యాకెట్, ఇంకో టీ, ఒక క్రీమ్ బన్. ఇది వారానికి ఆరు రోజులు. నేను పక్కన నిలబడి వింటున్నాను. నాతో కాపురం చేస్తూ బయట బేకరీతో ఇంకో కాపురం పెట్టేరన్నమాట అనిపించింది. నవ్వకండి, మీ ఇళ్ళల్లో కూడా అడిగి చూడండి.

ఒక మాట సరిగ్గా చెప్పాలి. పఫ్ తినడం వల్లే గుండె నొప్పి వచ్చిందని డాక్టర్ గారు అనలేదు, నేనూ అనను. ఆయన బీడీ కాల్చేవారు, బీపీ మాత్ర వేసుకుంటే వేసుకున్నట్టు లేకపోతే లేనట్టు. డాక్టర్ గారు ముందు తిట్టింది బీడీ గురించే. కానీ నూనె లెక్క కట్టినప్పుడు తేలింది ఏటంటే, నేను మూకుట్లో కొలిచి పోస్తున్న నూనె కంటే ఆయన ప్యాకెట్లలో తింటున్నది తక్కువేం కాదు. నేను కొలిచేది నాకు కనబడుతుంది. రెండోది ఎవరికీ కనబడదు. ఈ రోజు నేను మాట్లాడేది ఆ రెండో దాని గురించి.

మనకి డాల్డా అంటే తెలుసు. వనస్పతి అనే మాట కంటే డాల్డా అనే పేరే నోటికి వస్తుంది. ఆ పేరుతో ఈ దేశంలో అమ్మకం మొదలైంది 1937లో. పసుపు రంగు డబ్బా, మీద చెట్టు బొమ్మ. డాల్డా తిన్నా తినకపోయినా ఆ డబ్బాతో బియ్యం కొలవని ఇల్లు ఉండేది కాదు. నెయ్యి కొనలేని వాళ్ళకి నెయ్యిలాంటిది దొరికింది అనుకున్నాం. పెళ్ళిళ్ళలో లడ్డూలకి, స్వీటు షాపుల్లో మిఠాయిలకి అదే.

దాన్ని చేసే పద్ధతి ఇది. పల్చటి నూనెని బాగా వేడి చేసి, ఒత్తిడి పెట్టి, నికెల్ అనే లోహం సాయంతో అందులోకి హైడ్రోజన్ గ్యాసు పంపిస్తారు. నూనె గట్టిపడి పేరుకుంటుంది. తొందరగా పాడవదు, చవక, పిండిలో కలిపితే గుల్లగా వస్తుంది. కంపెనీకి ఇంతకంటే ఏం కావాలి? కానీ అలా సగం సగం గట్టిపరిచినప్పుడు నూనెలో ఒక కొత్త రకం కొవ్వు పుడుతుంది. దాన్నే ట్రాన్స్ ఫ్యాట్ అంటున్నారు. అది ఒంట్లోకి వెళితే రక్తనాళాల్లో పేరుకునే చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది, మంచి కొలెస్ట్రాల్‌ని తగ్గిస్తుంది. నెయ్యి, పామాయిల్ లాంటి వాటిలో ఉండే సంతృప్త కొవ్వు చెడ్డదాన్ని పెంచడం వరకే చేస్తుంది. ట్రాన్స్ ఫ్యాట్ రెండు వైపులా దెబ్బ కొడుతుంది.

ఇక్కడ మన నువ్వుల సంగతి ఒకటి చెప్పాలని ఉంది. డాల్డాని నెయ్యిలో కలిపి అమ్మే మోసం మొదటి నుంచీ ఉంది. చూసి పట్టుకోలేం. అందుకని ప్రభుత్వం ఒక నియమం పెట్టింది. వనస్పతి చేసే ప్రతివాడూ అందులో నూటికి 5 పాళ్ళు నువ్వుల నూనె కలపాలి. ఎందుకంటే నువ్వుల నూనె ఉన్న కొవ్వుకి ఒక రసాయన పరీక్ష చేస్తే ఎర్ర రంగు తిరుగుతుంది. నెయ్యికి ఆ పరీక్ష చేసి ఎరుపు వస్తే డాల్డా కలిసిందని తెలిసిపోతుంది. దొంగని పట్టివ్వడానికి మన నువ్వుని కాపలా పెట్టారన్నమాట. మన రెండు జిల్లాల్లో నువ్వు పాత పంట. నా చిన్నప్పుడు మా మామ్మ నువ్వులు మూట కట్టుకొని గానుగకి వెళ్ళి నూనె, తెలకపిండి తెచ్చేది. ఆ తెలకపిండి కూర తిన్న వాళ్ళం, ఇప్పుడు పిల్లలకి పామాయిల్లో వేపిన చిప్స్ కొనిస్తున్నాం.

సరే, చట్టం దగ్గరికి వస్తాను. డెన్మార్క్ అనే చిన్న దేశం 2003లోనే తిండిలో ఉండే నూనె, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ నూటికి 2 గ్రాములు దాటకూడదని కట్టడి చేసింది. మన దగ్గర 2011 నిబంధనల్లో వనస్పతికి నూటికి 10 దాకా ఒప్పుకున్నారు. 2016లో 5కి దించారు. 2021 జనవరి నుంచి 3, 2022 జనవరి 1 నుంచి 2. ఒక్క వనస్పతికే కాదు, ఆ నూనెలూ కొవ్వులూ వేసి చేసే బిస్కట్లకి, కేకులకి, మిక్చర్లకి కూడా ఆ హద్దు పెట్టారు. ఇది మంచి పని. ఈ పదేళ్ళలో తిండి విషయంలో జరిగిన మంచి పనుల్లో ఇదొకటని నేననుకుంటాను.

మరి ఇంక గొడవేటి అంటారా? రెండున్నాయి.

మొదటిది, చట్టం కాగితం మీద ఉన్నంత గట్టిగా మన బజారులో ఉండదు. కంపెనీ ప్యాకెట్ మీద నంబరు ఉంటుంది, అడ్రసు ఉంటుంది, పట్టుకోవచ్చు. బేకరీ అద్దాల పెట్టెలో పెట్టిన పఫ్ మీద ఏం రాసి ఉంటుంది? పళ్ళెంలో పెట్టి విడిగా అమ్మే దానికి లేబుల్ ఉండదు. మా ఆయన ఆస్పత్రి నుంచి వచ్చాక నేను ఒక బేకరీకి వెళ్ళి, "బాబూ, పఫ్‌లో ఏం వేస్తారు?" అని అడిగాను. ఆ కుర్రాడు మంచివాడే, లోపలికి తీసుకెళ్ళి అట్టపెట్టె చూపించాడు. పదిహేను కేజీల తెల్లటి ముద్ద. బేకరీ షార్టెనింగ్ అంటారట. పఫ్ పొరలు పొరలుగా విడిపోవాలంటే ఒక్కో మడతకి అది రాసి మళ్ళీ మడవాలి, మళ్ళీ ఒత్తాలి. మనం మెచ్చుకునే ఆ పొరల మధ్య ఉండేది అదే. చేత్తో కొంచెం తీసి నలిపి చూశాను. వేళ్ళకి అంటుకుంది, సబ్బు పెట్టి కడిగితే గానీ పోలేదు.

రెండోది పెద్దది. ట్రాన్స్ ఫ్యాట్ తగ్గించమంటే చాలామంది పామాయిల్ వైపు వెళ్ళారు. పామాయిల్ దానంతటదే గట్టిగా ఉంటుంది, గ్యాసు ఎక్కించక్కర్లేదు, అన్నిటికంటే చవక. అయితే అందులో సుమారు సగం సంతృప్త కొవ్వు. దాన్నుంచి తీసే పల్చటి పామోలిన్‌లో నూటికి నలభై పైన. వేరుశనగ నూనెలో ఇరవైకి అటూఇటూ, నువ్వుల నూనెలో పదిహేను దరిదాపు. కాబట్టి ప్యాకెట్ మీద "ట్రాన్స్ ఫ్యాట్ లేదు" అని పెద్ద అక్షరాలతో ఉంటే అది నిజమే అయి ఉండొచ్చు. 100 గ్రాముల్లో 0.2 గ్రాముల కంటే తక్కువ ఉంటేనే అలా రాసుకోవాలని నియమం ఉంది. కానీ ఆ మాట చూసి "అయితే మంచిదే" అని పిల్లాడి చేతికి ఇచ్చేస్తాం. దాని పక్క గడిలో సంతృప్త కొవ్వు ఎంతుందో చూడం.

పామాయిల్ అంటే విషం అని నేను అనడం లేదు. ఆయిల్‌పామ్ తోటలు వేసిన కుటుంబాల అప్పలు ఇక్కడ ఉన్నారు, మన వైపు తోటలు పెరుగుతున్నాయి, వాళ్ళ కష్టం నాకు తెలుసు. 2013లో అమ్మ హస్తం సంచిలో పామోలిన్ ప్యాకెట్ వస్తే మనమందరం సంతోషంగా తెచ్చుకున్నాం. ఇంట్లో రెండు చెంచాలు వేసి పోపు పెట్టుకుంటే దానికో లెక్క ఉంటుంది. బిస్కట్లో అదే, మిక్చర్లో అదే, నూడుల్స్‌లో అదే, ఐస్‌క్రీము పేరుతో అమ్మే ఫ్రోజెన్ డెజర్ట్‌లో అదే, చాక్లెట్ పూతలో అదే. పొద్దున్నించి రాత్రి దాకా రకరకాల రంగు కాగితాల్లో ఒకే నూనె తింటున్నాం. గొడవ అక్కడుంది.

ఇప్పుడు లేబుల్ చదవడం. పోయిన నెల మా గ్రామ సంఘం మీటింగులో ఇది చేశాం. ప్యాకెట్ వెనక్కి తిప్పితే రెండు చోట్లు చూడాలి. ఒకటి, అందులో ఏమేం వేశారో ఆ వరస. బరువు ఎక్కువున్నది ముందు రాయాలి, తక్కువది తర్వాత. కాబట్టి నూనె పేరు రెండోదో మూడోదో అయి ఉంటే దాన్లో నూనె గట్టిగా ఉన్నట్టే. ముందు వైపు గోధుమ కంకి బొమ్మ, పాల గ్లాసు బొమ్మ ఉంటాయి. వెనక వరసలో మైదా, పంచదార, పామాయిల్ ఉంటాయి, పాలపొడి ఎక్కడో చివర. పామాయిల్, పామోలిన్, హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్, షార్టెనింగ్, మార్జరిన్ ఇవన్నీ ఒక కుటుంబం వాళ్ళే అనుకోండి. ఇంటరెస్టెరిఫైడ్ అని ఒక నోరు తిరగని మాట కూడా కనబడుతుంది. ట్రాన్స్ ఫ్యాట్ పుట్టకుండా నూనెని గట్టిపరిచే వేరే పద్ధతి అది. ట్రాన్స్ ఫ్యాట్ రాదు గానీ, గట్టిగా పేరుకుందంటే సంతృప్త కొవ్వు అందులో ఉన్నట్టే.

రెండోది, అంకెల గడి. అక్కడ కొవ్వు మొత్తం ఎంత, అందులో సంతృప్త కొవ్వు ఎంత, ట్రాన్స్ ఫ్యాట్ ఎంత అని ఉంటుంది. దేనితో పోల్చాలి? రోజుకి 2,000 క్యాలరీలు తినే పెద్దవాళ్ళకి మొత్తం కొవ్వు 67 గ్రాములు, సంతృప్త కొవ్వు 22, ట్రాన్స్ ఫ్యాట్ 2 గ్రాములు అని లెక్క కట్టి, దాంట్లో నూటికి ఎంత అవుతుందో ప్యాకెట్ మీద వేస్తారు. ఈ మూడింట్లో ఇరవై రెండు అనే అంకె ఒక్కటి గుర్తు పెట్టుకోండి చాలు.

ఒక చిప్స్ ప్యాకెట్ మీద 100 గ్రాములకి కొవ్వు 34, సంతృప్త కొవ్వు 15 అని ఉందనుకోండి. మన చేతిలోది 30 గ్రాముల ప్యాకెట్. అంటే పది గ్రాముల కొవ్వు, టీ చెంచాతో రెండు చెంచాల నూనె. సంతృప్త కొవ్వు నాలుగున్నర గ్రాములు. ఇరవై రెండులో నాలుగున్నర పోయింది. అది కూడా పెద్దవాళ్ళ లెక్కలో. ఏడేళ్ళ గుంటడు అన్నం కూడా తినకుండా రెండు ప్యాకెట్లు తింటే ఎంతైందో మీరే చూసుకోండి. కొన్ని ప్యాకెట్ల మీద 100 గ్రాములకి కాకుండా ఒక వడ్డనకి ఇంత అని కూడా రాస్తారు. ఆ వడ్డన రెండు బిస్కట్లు. రెండు బిస్కట్లతో ఆగేవాళ్ళు మన ఇళ్ళల్లో ఎవరున్నారో చేతులెత్తండి.

మీటింగులో ఇదంతా అయ్యాక మా సంఘంలో పెద్దావిడ ఒకామె లేచి అడిగింది. "నువ్వు సెప్పింది బాగుంది గానీ పిల్లా, ఇది ఏ బాసలో రాసాడు?" అని. నా దగ్గర జవాబు లేదు. నిజమే. నిబంధన ప్రకారం ప్యాకెట్ మీద వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉంటే చాలు. కావాలంటే వేరే భాష కూడా రాసుకోవచ్చు, రాయాలని లేదు. కాబట్టి "రుచి చూడు" అనే మాట తెలుగులో ఉంటుంది, ఫ్రీ అన్న మాట తెలుగులో ఉంటుంది, సినిమా హీరో తెలుగువాడే ఉంటాడు. సంతృప్త కొవ్వు 15 అన్నది మాత్రం ఇంగ్లీషులో, ఆవగింజంత అక్షరాలతో. సంతకం నేర్చుకొని సంఘంలో చేరిన మనం, బ్యాంకు కాగితాలు చదవడం నేర్చుకున్న మనం, పది రూపాయల ప్యాకెట్ దగ్గర మళ్ళీ వేలిముద్ర వాళ్ళమైపోతున్నాం.

ఇంకోటుంది. మరీ చిన్న ప్యాకెట్లకి, అంటే చుట్టూ కలిపి 100 చదరపు సెంటీమీటర్లు దాటని వాటికి, ఈ వివరాలు వేయక్కర్లేదు. అవన్నీ వచ్చిన పెద్ద అట్టపెట్టె మీద ఉంటే సరిపోతుంది. ఆ అట్టపెట్టె కొట్టు వెనక గదిలో ఉంటుంది. రూపాయికీ రెండు రూపాయలకీ దొరికే చిన్న సరుకు కొనేది ఎవరు? మన పిల్లలే.

మొన్న వేసవి సెలవులకి ముందు మా బడి దగ్గర నిలబడి చూశాను. బళ్ళో మధ్యాహ్నం భోజనంతో చిక్కీ ఇస్తారు, రాగిజావ ఇస్తారు, మన మాటలో చోడి జావ. పిల్లలు తింటున్నారు కూడా. బెల్లు కొట్టగానే ఎదురుగా ఉన్న బడ్డీ కొట్టుకి పరుగు. ఆ కొట్టు ఎవరిది అనుకున్నారు? మన సంఘం సభ్యురాలిదే. మనం ఇచ్చిన అప్పుతో పెట్టిందే. ఆ అప్పు తీర్మానం మీద సంతకం పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ప్యాకెట్లు అమ్మకు అని ఆమెకి చెప్పే ధైర్యం నాకు లేదు. ఆమె నెలనెలా కిస్తీ కట్టాలి, ప్యాకెట్ల మీద వచ్చే కమీషనే ఆమెకి ఆధారం. ఒక్కటే అడిగాను. ముందు దండల్లా వేలాడదీసే ప్యాకెట్ల పక్కన నువ్వుండలు, వేరుశనగ ఉండలు సీసాలో పెట్టమ్మా, మా యూనిట్ నుంచి అరువు మీద ఇస్తాను అని. పెట్టింది. చిప్స్ అమ్మినంత అమ్మడం లేదు. కానీ వారానికి రెండు సీసాలు పోతున్నాయి.

ఇప్పుడు కష్టమైన మాట. ఇంతసేపు కంపెనీల గురించి, బేకరీల గురించి చెప్పాను. మరి మన యూనిట్?

మా పిండివంటల యూనిట్లో పదకొండు మందిమి. జంతికలు, చేగోడీలు, గవ్వలు చేస్తాం, పెళ్ళిళ్ళ సీజన్లో సారె ఆర్డర్లకి అరిసెలు, మినప సున్నుండలు. నాలుగేళ్ళు జంతికల పిండిలో డాల్డా కలిపాం. కిలో పిండికి ఇంత అని కరిగించి పోసి కలిపితే నోట్లో వేసుకోగానే కరిగిపోయేవి. "మీ జంతికలు ఎంత గుల్లగా ఉంటాయో" అని అందరూ మెచ్చుకున్నారు. ఆ గుల్లతనం డాల్డాది. వేపడం పామోలిన్‌లో. మిగిలిన నూనెలో మర్నాడు కొత్త నూనె పోసి మళ్ళీ వేపడం, ఆ మర్నాడు మళ్ళీ. ఇంట్లో డాల్డా గుమ్మం తొక్కదని డాక్టర్ గారికి గొప్పగా చెప్పిన మనిషిని, యూనిట్‌కి డాల్డా కొనే బిల్లు మీద సంతకం పెట్టేదాన్ని కూడా నేనే. అక్కడ ఆస్పత్రిలో అది గుర్తుకు రాలేదు. బస్సులో వస్తుంటే వచ్చింది.

కాగిన నూనె సంగతి కూడా చెప్పేస్తాను. నూనెని పదేపదే కాస్తే అది విరిగి కొత్త పదార్థాలు పుడతాయి. వాటిని కొలిచే పద్ధతి ఒకటుంది, ఆ కొలత నూటికి 25 దాటితే ఆ నూనె పారేయాలని 2018 జూలై నుంచి నిబంధన. రోజుకి 50 లీటర్లు దాటి వాడే పెద్ద వాళ్ళు రిజిస్టర్ రాయాలి. మన దగ్గర కొలిచే మిషను లేదు. కానీ మన కళ్ళు, ముక్కు ఉన్నాయి. నూనె నల్లబడి, జిగురుగా తీగ సాగితే, పొయ్యి మీద పెట్టగానే పొగ వస్తే, నురగ కట్టి తగ్గకపోతే దాని పని అయిపోయినట్టే. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో 17 సూచనలతో ఒక పుస్తకం వేసింది. ఒకసారి వేపుడుకి వాడిన నూనెని వడగట్టి కూరల్లో ఒకటి రెండు రోజుల్లో వాడెయ్యండి, మళ్ళీ వేపుడుకి వాడొద్దు అని అందులో ఉంది. ప్యాకెట్ మీద చదివి కొనమని కూడా ఉంది. అది రాసినవాళ్ళకి మన పెద్దావిడ అడిగిన ప్రశ్న ఎవరైనా వినిపించాలి.

యూనిట్లో ఈ మాట పెట్టాను. రెండు మీటింగులు గొడవైంది. భర్త పోయి, ఇద్దరు ఆడపిల్లల్ని చదివించుకుంటున్న చెల్లి ఒకామె గట్టిగా అడిగింది. "బజార్లో అందరూ అదే వాడతన్నారు. మనమొక్కలమే మంచోలమైతే కిస్తీ ఎవులు కడతారప్పా?" అంది. ఆమె తప్పు మాట్లాడలేదు. నువ్వుల నూనె ధర పామోలిన్ ధరకి రెండింతలు పైనే. అంత పెట్టి జంతికలు వేపితే మన ఊళ్ళో కొనేవాళ్ళు లేరు.

చివరికి డాల్డా పూర్తిగా మానేశాం. దాని బదులు వేరుశనగ నూనె కాచి వేడిగా పిండిలో పోసి కలిపాం. మొదటి వాయి రాళ్ళలా వచ్చాయి. మా అత్త ఒకటి కొరికి, "పళ్ళున్నోల్లకి అమ్ముకోండి" అంది. తర్వాత నాలుగు పాళ్ళ బియ్యప్పిండికి ఒక పాలు వేయించిన మినప్పిండి పట్టించి, నువ్వులు ఎక్కువ వేసి చూశాం. కుదిరింది. అప్పటంత గుల్ల కాదు, కానీ కరకరలాడతాయి. వాడిన నూనెలో కొత్త నూనె కలపడం మానేశాం. చిన్న ప్యాకెట్లు వేరుశనగ నూనెలో వేపుతున్నాం, పావుకిలో అరవై రూపాయలది డెబ్బై అయిదు చేశాం.

పెద్ద ఆర్డర్లకి మాత్రం ఇప్పటికీ పామోలినే. దాచి లాభం లేదు. అందుకని లేబుల్ మీద రాయడం మొదలుపెట్టాం. తెలుగులో, పేరు కింద రెండో లైనులో, కనబడేలా: "పామోలిన్ నూనెలో వేపినవి." లేకపోతే "వేరుశనగ నూనెలో వేపినవి." రాజాంలో ఒక కొట్టాయన అది చదివి, "ఇలగ రాస్తే ఎవడు కొంటాడమ్మా" అని మొత్తం సరుకు వెనక్కి పంపాడు. ఇంకో చోట ఒక టీచరమ్మ చదివి వేరుశనగవి నాలుగు ప్యాకెట్లు తీసుకెళ్ళింది, ఇప్పుడు ప్రతి నెలా పంపుతున్నాం.

ఇందాక చదివిన లెక్కల్లో మా యూనిట్ లాభం పోయినేడు కంటే తగ్గింది. ఎవరూ అడగలేదు. కారణం ఇదే. ఈ ఏడాది ఒక్కొక్కళ్ళకి వచ్చిన వాటా తగ్గింది, ఆ చెల్లికి కూడా తగ్గింది. ఆమె ఇక్కడే కూర్చుంది. ఆమె ముందు నిలబడే ఈ తీర్మానం పెడుతున్నాను, ఎందుకంటే మా ఒక్క యూనిట్ రాస్తే మేం నష్టపోతాం. అందరం రాస్తే అదే పద్ధతి అవుతుంది. అలాగని ఆమెకి కూడా చెప్పాను. "సూద్దాం" అంది.

అధ్యక్షురాలు గారు అనుమతిస్తే తీర్మానం చదువుతాను.

"మన సమాఖ్య పరిధిలో తినుబండారాలు చేసే ప్రతి యూనిట్, ఉగాది నుంచి, తమ ప్యాకెట్ మీద ఏ నూనెలో చేశారో తెలుగులో, సరుకు పేరు కింద, చదవగలిగే అక్షరాలతో రాయాలి. వనస్పతి వాడకూడదు. వాడిన నూనెలో కొత్త నూనె కలిపి మళ్ళీ వేపకూడదు. లేబుళ్ళ అచ్చు ఖర్చు మొదటి ఏడాది సమాఖ్య భరించాలి. ప్రతి గ్రామ సంఘం మీటింగులో నెలకొక ప్యాకెట్ చదివి వినిపించాలి. ప్యాకెట్ల మీద పోషక వివరాలు తెలుగులో కూడా వేయించాలని కోరుతూ జిల్లా ఆహార భద్రతా అధికారులకు సమాఖ్య తరఫున అర్జీ ఇవ్వాలి."

అర్జీ ఇస్తే అయిపోతుందని నేను అనుకోవడం లేదు. మనకి అప్పులు ఇవ్వడానికి బ్యాంకులు ఒప్పుకున్నది ఒక్క అర్జీతోనా? ఇది కూడా తిరగాల్సిన పనే.

గుమ్మం పక్క బల్ల మీద ముప్పై రకాల ఖాళీ కవర్లు పెట్టాం. మా ఊరి హైస్కూలు పిల్లలు ఇద్దరు అక్కడ ఉంటారు, అడిగితే చదివి చెప్తారు. మీ ఇంట్లో వచ్చే ప్యాకెట్ అందులో ఉందేమో చూసుకోండి, ఇరవై రెండు అంకె గుర్తు పెట్టుకోండి.

ఇంకొక్కటి. భోజనాల్లో గారెలు ఉన్నాయి. ఏ నూనెలో వేపారని ఇందాకే వెళ్ళి వంటవాళ్ళని అడిగాను. పామాయిలే, కానీ ఈ రోజు విప్పిన కొత్త డబ్బా. చెప్పాలి కాబట్టి చెప్పాను.